ఫలమును జూచి తీర్పు చెప్పుట

ఒక పని మంచిదో చెడ్డదో తేల్చుటకు లోకమునకు సులభమైన కొలత యొకటి కలదు. పని నెఱవేఱెనా, చేసినవాడు బుద్ధిమంతుడు. చెడెనా, వాడే మూర్ఖుడు. ఆ పనికి బూనిననాడు వానికి తెలిసినదేమి, తెలియనిదేమి, వాని యెదుట నుండిన మార్గము లెన్ని, వానిలో నేది యెంతమాత్రము నమ్మదగినది యని యడుగువారు మిక్కిలి తక్కువ. అడిగినను వినువారు అంతకంటెను తక్కువ. ఈ కొలతయందలి యన్యాయమును పెద్దలు గుర్తింపకపోలేదు. ఆడం స్మిత్తు అర్థశాస్త్రజ్ఞుడుగా మన కళాశాలలలో ప్రసిద్ధుడు; కాని దానికి ముందే, 1759లో, నీతిభావములనుగూర్చి వ్రాసిన గ్రంథమునందు ఆయన మనుష్యుల మెప్పుపైనను నిందపైనను అదృష్టమునకు గల యధికారమును ప్రత్యేకముగా విచారించెను. సంకల్పమునుబట్టియే గుణదోషములను నిర్ణయింపవలెనని సామాన్యముగా నొప్పుకొననివారు లేరనియు, ప్రత్యేక సందర్భము ఎదురైనప్పుడు మాత్రము ఆ సూత్రమును పాటించువారు కానరారనియు ఆయన చెప్పినదాని సారాంశము.

ఇట్టి విషయమును చర్చించువారు యుద్ధములనుండియో రాజ్యతంత్రమునుండియో ఉదాహరణములు తెచ్చుట వాడుక. మేము ఒక ఆటను ఎన్నుకొంటిమి. ఆటలు పిల్లచేష్టలని చిన్నచూపు చూచువారు మన్నింతురుగాక. యుద్ధములకు కారణములు వేయి. చరిత్రకారులు వానిని ఒక్కొక్క రొక్కొక్క రీతిగా అల్లుదురు. ఆటయందో, నియమములు అందఱకు తెలిసినవి. కాలము సెకండ్లతో కొలువబడినది. ఎవడెచ్చట నిలిచెనో, ఎవడెటు పఱుగెత్తెనో చలనచిత్రములు సాక్ష్యమిచ్చును. నిర్ణయమునకును ఫలమునకును గల సంబంధమును పరీక్షించుటకు ఇంతకంటె అనువైన తావు దొరకదు.

2015వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీని అమెరికాలో ఆరిజోనా రాష్ట్రమునందలి గ్లెండేల్ పట్టణమున సూపర్ బౌల్ అను వార్షిక మహాక్రీడ జరిగినది. సియాటిల్ నగరమువారి సీహాక్స్ జట్టును, న్యూ ఇంగ్లండు ప్రాంతమువారి పేట్రియట్స్ జట్టును తలపడినవి. అమెరికాలో సగటున 11 కోట్ల 40 లక్షలమంది దానిని టెలివిజనులో చూచిరని లెక్క. అమెరికా వారు ఫుట్‌బాల్ అను ఈ ఆటలో పాదమునకు పని తక్కువ. పక్షమునకు పదునొకండుగురు. బంతి చేతనున్న పక్షమువారు నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందునకు సాగవలెను; సాగిరా, మఱల నాలుగు ప్రయత్నములు లభించును. బంతిని చంకనిడుకొని ఎదిరిజట్టును చీల్చుకొని పఱుగెత్తుట యొక మార్గము. దూరమునున్న తమవానికి విసరుట రెండవది. బంతితో అవతలి గీతను దాటినచో ఆఱు అంకములు. ప్రతి ప్రయత్నమునకు ముందు ఏ మార్గము త్రొక్కవలెనో, ఎవ డెటు పోవలెనో శిక్షకులు బయటనుండి నిర్ణయించి చెప్పుదురు. అందుచేత ఇది చదరంగమును కుస్తీని కలిపిన యాట యనవచ్చును. కుస్తీ ఆటగాండ్రది, చదరంగము శిక్షకులది.

ఆట నాలుగవ భాగము మొదలగునప్పటికి సియాటిల్ వారు 24 అంకములతోను, ప్రత్యర్థులు 14 అంకములతోను ఉండిరి. పిమ్మట న్యూ ఇంగ్లండు వారు రెండుమాఱులు గీత దాటి 28 చేసికొనిరి. అప్పటికి ఆటలో మిగిలినది రెండు నిమిషములు. సియాటిల్ వారు తమ వైపునుండి బయలుదేరి వడివడిగా ముందునకు వచ్చిరి. జర్మేన్ కియర్స్ అనువాడు వెల్లకిల పడియుండియు, తన కాళ్ళమీదను చేతులమీదను ఎగిరిపడుచున్న బంతిని ఎట్టకేలకు పట్టుకొని, జట్టును గీతకు అయిదు గజముల దూరమునకు తెచ్చెను. మఱుసటి ప్రయత్నమున మార్షాన్ లించ్ అను బలశాలి బంతితో చొచ్చుకొనిపోయి నాలుగు గజములు సాధించెను. మిగిలినది ఒక్క గజము. చేతిలో మూడు ప్రయత్నములు. కోరి ఆటను నిలుపుకొనుటకు హక్కుగా లభించు విరామములలో ఒకటి మాత్రమే మిగిలియున్నది. గడియారము 26 సెకండ్లు చూపుచుండగా సియాటిల్ వారు లించునకు బంతి నీయలేదు. రసెల్ విల్సన్ అను నాయకుడు రికార్డో లాకెట్ అనువానికై బంతిని మైదానపు నడిమివైపునకు విసరెను. మాల్కమ్ బట్లర్ అను ప్రత్యర్థి మెఱుపువలె మధ్యకు దూకి దానిని పట్టుకొనెను. అంతటితో ఆట ముగిసినట్లే. 28–24.

ఆ రాత్రినుండియు మొదలైన కేకలు నేటికిని పూర్తిగా చల్లాఱలేదు. చరిత్రలోకెల్ల నికృష్టమైన నిర్ణయమనిరి. అంతటి బలశాలిని ప్రక్కన నుంచుకొని ఒక్క గజమునకై బంతిని విసరుదురా యని నోరుగలవారెల్ల అడిగిరి. ప్రధాన శిక్షకుడు పీట్ కారొల్, ఆటయెత్తులను ఎన్నుకొను సహాయకుడు డారెల్ బెవెల్, వీరిరువురును కొన్నిదినములలోనే నవ్వులపాలైరి. ఆ కారొల్ సరిగా ఒక యేడాది క్రితమే, 2014లో, ఇదే మహాక్రీడలో డెన్వరు జట్టును 43–8 తో ఓడించి ఘనుడనిపించుకొన్నవాడు.

ఇక ఫలమును మఱచి, ఇరువదియాఱవ సెకండునొద్ద నిలిచి చూతము. బంతితో పఱుగెత్తినవాడు మైదానము నడుమ పడద్రోయబడినచో గడియారము ఆగదు. విసరిన బంతి ఎవనికిని చిక్కక నేలబడినచో గడియారము తనంత తానే ఆగును. ఈ చిన్న నియమమే వాదమంతకు మూలము. సియాటిల్ వారు వరుసగా పఱుగులనే నమ్ముకొన్నచో, మొదటిది విఫలమైనప్పుడు ఉన్న ఒక్క విరామమును వాడుకొనవలెను. రెండవదియు విఫలమైనప్పుడు కుప్పగా పడిన మనుష్యులను లేపి, మఱల వరుసలు దీర్చుటకు వ్యవధి యుండునో ఉండదో. మొదట విసరినచో, అది నేలబడినను కాలము నిలుచును, విరామము మిగులును. పఱుగునకు ఇంకను రెండు అవకాశము లుండును. మూడు ప్రయత్నములను చేజాఱకుండ వాడుకొనదలచిన వాడు వానిలో నొకదానిని విసరుటకు కేటాయింపక తప్పదు. ఏది విసరవలెను? ప్రత్యర్థులు పఱుగును ఆపుటకు తమ భారీ మనుష్యులను మైదానములోనికి పంపిరి. అట్టి వేళ విసరుటయే యుక్తమని తోచినట్లు కారొల్ తరువాత చెప్పెను.

విసరుటలో బంతి ప్రత్యర్థికి చిక్కు ప్రమాదము లేదా? కలదు. కాని ఎంత? ఆ యేటి పోటీలలో అన్ని జట్లవారును ఒక గజము దూరమునుండి అంతవఱకు నూఱుమాఱులకు పైగా బంతి విసరియుండిరి. వానిలో ఒక్కటియు ప్రత్యర్థి చేతికి చిక్కియుండలేదు. సరే, లించునకు ఇచ్చియుండిన గెలుపు నిశ్చయమా? ఆ యేడు ఒక గజము దూరమునుండి ఆయనకు అయిదుమాఱులు బంతి యిచ్చిరి. గీత దాటినది ఒక్కమాఱు. ఒక గజమే గదా యనునది చూచువాని మాట. ఆ గజమును కాచుటకు పదునొకండుగురు నిలిచియుందురు. వారు కాచుకొనవలసిన నేల తక్కువయగుకొలది వారి బలము హెచ్చును.

ఈ లెక్కలన్నియు చూచిన పిదప మా తీర్పిది: విసరుట తప్పు కాదు. అయితే విసరుటలో ఏ విసరుట యనునది వేఱుప్రశ్న. జనసమ్మర్దము గల మధ్యభాగమునకు, మొదటితరగతివాడు కాని ఆటగానికి, తొందరగా విసరవలసిన ఎత్తును వారు ఎన్నుకొనిరి. ప్రాంతమున, మూలకు ఎత్తుగా విసరియుండిన, తమవానికి చిక్కకున్నను ప్రత్యర్థికి చిక్కుట కష్టమై యుండును. ఈ యాక్షేపణము న్యాయమైనది. ఏలయన, ఇందుకు కావలసిన తెలివి బంతి విసరుటకు ముందును అందఱకు అందుబాటులో నుండినదే. మేము వేఱుచేయగోరునది దీనినే. ముందు తెలియదగినదానిని తలపలేదని నిందించుట విమర్శ. తరువాత తెలిసినదానిని ముందే ఏల తెలిసికొనలేదని నిందించుట విమర్శ కాదు. రెండును ఒకే గొంతుతో, ఒకే మాటలతో వెలువడుటచేత లోకము వానిని ఒక్కటిగా భావించుచున్నది.

ఎదుటి పక్షము సంగతి చూడుడు. న్యూ ఇంగ్లండు వారి అప్పటి శిక్షకుడు బిల్ బెలిచిక్. లించ్ ఒక గజము దూరమున పడినప్పుడు గడియారము పఱుగెత్తుచుండెను. తన చేత విరామములుండియు ఆయన ఆటను నిలుపలేదు. సియాటిల్ వారు మఱుసటి ప్రయత్నమున గీత దాటియుండిన, బదులు తీర్చుకొనుటకు తన జట్టునకు కావలసిన కాలమును చేతులార కాల్చివేసినవాడని ఆయనను ఊరూర దుమ్మెత్తిపోసియుందురు. బంతి బట్లరుచేత చిక్కినది. గుండెదిటవు గలవాడు, ప్రత్యర్థుల తడబాటును కనిపెట్టినవాడు అని ఆయనను పొగడిరి. ఆయన చేసినది రెండుచోట్లను ఒక్కటే: కదలక నిలిచియుండుట.

ఆ బెలిచిక్కే 2009 నవంబరు 15వ తేదీని ఇండియానాపొలిస్ నగరమున మఱియొక అనుభవము పొందియుండెను. ఆనాడు ఆయన జట్టు 34–28 తో ముందున్నది. రెండు నిమిషముల పైచిలుకు మిగిలియున్నది. బంతి తమ గీతకు 28 గజముల దూరమున, నాలుగవ ప్రయత్నము, సాగవలసినది రెండు గజములు. అట్టి చోట బంతిని కాలితో దూరముగా తన్ని ప్రత్యర్థులకు అప్పగించుట ఆచారము. ఎదుట నున్న పేటన్ మానింగునకు బంతి నిచ్చుటకంటె రెండు గజములను సాధించి ఆటను ముగించుటయే మేలని బెలిచిక్ తలచి, విసరుమనెను. పట్టినవాడు కొంచెములో తప్పినాడు. పిమ్మట ప్రత్యర్థులు గీత దాటి 35–34 తో గెలిచిరి. అహంకారి యనియు, ఆటను చేజేత దానము చేసినాడనియు ఆయనను తిట్టనివారు లేరు. లెక్కలు వేసి చూచినవారు పలువురు ఆయన నిర్ణయమే సరియైనదని వాదించిరి గాని, వారి కంఠము ఆ కోలాహలమున వినబడలేదు. ఒకే మనుష్యుడు, ఒకే సాహసబుద్ధి. 2009లో ఉన్మాదమైనది 2015లో మేధ యయ్యెను.

మన న్యాయశాస్త్రపాఠములలో కాకతాళీయ న్యాయము, ఘుణాక్షర న్యాయము అని రెండు కలవు. కాకి వాలుటయు తాటిపండు రాలుటయు ఒక్కసారి సంభవించిన, కాకియే పండును రాల్చినదనుకొనుట మొదటిది. పురుగు కొయ్యను తొలిచిన జాడ అక్షరమువలె కనబడిన, పురుగునకు వ్రాత వచ్చుననుకొనుట రెండవది. ఈ న్యాయములను మేము పిల్లలకు వల్లెవేయింతుము. వారు పరీక్షలో తప్పక వ్రాయుదురు. కాని ఊరిలో నొకడు తెలివిలేని బేరము చేసి ధనవంతుడైన, ఆ పిల్లల తల్లిదండ్రులు వానియొద్దకే సలహాకై పోవుదురు.

1988లో జోనతన్ బారన్, జాన్ హర్షీ అను నిరువురు పండితులు దీనిని ప్రయోగముచేత పరీక్షించిరి. గుండెకు శస్త్రచికిత్స చేయవలెనా వలదా యని వైద్యుడు తీసికొన్న నిర్ణయము మొదలైన వృత్తాంతములను చదివించి, ఆ యాలోచన యెట్టిదో చెప్పుమనిరి. వృత్తాంతము అదే, వైద్యునికి తెలిసిన విషయములు అవే, ప్రమాదపు పాలు అదే. కొందఱకు రోగి బ్రదికెనని చెప్పిరి, కొందఱకు చనిపోయెనని చెప్పిరి. రోగి చనిపోయెనని విన్నవారు వైద్యుని యాలోచనకే తక్కువ విలువ గట్టిరి. ఫలమును లెక్కింపరాదని తామే యొప్పుకొన్నవారును అట్లే చేసిరి. అమెరికాలో పేకాటను వృత్తిగా నుంచుకొనియుండిన ఆనీ డ్యూక్ అను నామె 2018లో నిర్ణయములనుగూర్చి వ్రాసిన పుస్తకమును ఈ సియాటిల్ వారి కథతోనే ఆరంభించినది. ఈ దోషమునకు పేకాటగాండ్రలో ప్రత్యేకముగా ఒక పేరే కలదట. ఆశ్చర్యము లేదు. ఒక్క రాత్రిలో నూఱు పందెములు వేయువానికి, మంచి యెత్తు వేసియు ఓడుట, చెడ్డ యెత్తు వేసియు గెలుచుట నిత్యానుభవము. మనబోటివారికి బ్రదుకులో పెద్ద పందెములు నాలుగైదే. వానిని లెక్కగట్టి సరిచూచుకొను అవకాశము లేదు.

మా వృత్తిలో దీనికి ప్రతిదినము పరీక్ష. ఒక బాలుడు లెక్కను చక్కగా నడిపి, కడపటి పంక్తిలో తొమ్మిదిని ఆఱుగా వ్రాసి తప్పు జవాబు తేల్చును. వాని ప్రక్కవాడు రెండుచోట్ల తప్పి, ఆ రెండు తప్పులును ఒకదానినొకటి కొట్టివేయగా, సరియైన జవాబు తేల్చును. జవాబుల పట్టిక ముందుంచుకొని వడివడిగా దిద్దువాడు మొదటివానికి సున్న చుట్టి, రెండవవానికి నిండు మార్కులు వేయును. ఇది దిద్దువానికి సుకరము, బాలురకు విషము. మొదటివాడు తన త్రోవయే తప్పనుకొని విడిచిపెట్టును. రెండవవాడు తన త్రోవను మఱుసటి యేడును పట్టుకొని యుండును. అన్ని యంశములకును జవాబునే యడుగు పరీక్షలు నేడు ప్రబలినవి. వానిని దిద్దుటకు మనుష్యుడే అక్కఱలేదు.

సియాటిల్ పరిసరములందు, రెడ్మండు, బెల్‌వ్యూ మొదలగు పట్టణములలో, మన తెలుగువారు అనేకులు కంప్యూటరు విద్యతో జీవించుచున్నారు. మా పూర్వశిష్యు డొకడు అచ్చటనుండి వచ్చి, ఈ ఆటకథను మాకు చెప్పుచు, "మాస్టారూ, మా ఆఫీసులో ఎవరి నడిగినా లించికి బంతి ఇచ్చివుంటే గెలిచేవాళ్ళమంటారండీ" అనెను. "ఇచ్చీ ఓడిపోయివుంటే ఏమనేవాళ్ళురా?" అని అడిగితిమి. వాడు కొంత తడవు ఆలోచించి, "అప్పు డెవ్వరినీ ఏమీ అనేవాళ్ళు కారండీ, అదృష్టం లేదనేవాళ్ళు" అనెను.

వాని మాటలో అసలు విషమున్నది. రెండు త్రోవలలో నొకటి అందఱకు అలవాటైనది, ఒకటి కానిది. అలవాటైన త్రోవను పోయి చెడినవాని చెడుపు దైవముపద్దున వ్రాయబడును. కాని త్రోవను పోయి చెడినవాని చెడుపు వాని పద్దుననే వ్రాయబడును. తాతముత్తాతల నాటినుండి వేయుచున్న పైరు ఎండిన, ఏమి చేయుదుము, కాలము కాలేదందురు. ఆ రైతే విచారించి, అడిగి తెలిసికొని, క్రొత్త విత్తనము వేసి, అది యెండిన, పెద్దల మాట కాదన్నందుకు తగిన శాస్తి యందురు. వాన రెంటికిని ఒకటే లేకపోయినది. ఇట్లు తూనికరాళ్ళే రెండు విధములుగా నున్నప్పుడు బుద్ధిమంతుడేమి చేయును? ఏది మేలని యడుగుట మాని, ఏది చెడినను నాకు మాట రాదని యడుగ నారంభించును. బ్రదుకు సంశయమైన రోగిని చేర్చుకొనక పెద్దయాసుపత్రికి తీసికొనిపొమ్మను వైద్యుడు, ఆ దారిలో వాడు పోవునని యెఱిగియు, తన చేతిలో పోలేదను తృప్తితో నిద్రించును. సంతకముచేసిన చిక్కు, చేయకున్న చిక్కులేదని కాగితమును ఏడాదిపాటు అడుగున నుంచు నుద్యోగిని ఎవ్వరును నిందింపరు; చేయనిదానికి ఫలము కనబడదు గదా. ప్రశ్నలడుగు పిల్లవానిని ప్రోత్సహించుటకు జంకి, నోట్సు వ్రాయించి బట్టీ పట్టించు ఉపాధ్యాయుడును ఈ కోవవాడే. వీరందఱును పిఱికివారుగా పుట్టినవారు కారు. మనము ఫలమునుబట్టి వేసిన శిక్షలు వారిని అట్లు చేసినవి. ఆటలో నైతే పోయినది ఒక బహుమానము; ఇచ్చట పోవుచున్నది ప్రాణములు, చదువులు.

దీనికి ప్రతివాదమున్నది; అది బలమైనది. ఫలమును చూడవలదన్న, ప్రతి అసమర్థుడును నా యాలోచన మంచిదే, అదృష్టము చెడినదని తప్పించుకొనడా? పది ఆటలను ఓడినవాడును ఇదే పాట పాడును. నిజమే. ఒక్క ఫలము సాక్ష్యము కాదు గాని, వరుసగా వచ్చిన ఫలములు సాక్ష్యమే. లించునుగూర్చిన లెక్కయు, విసరిన నూఱు బంతుల లెక్కయు గతఫలములనుండి తీసినవే గదా! మేము త్రోసివేయుచున్నది ఫలమును కాదు. ఒక్క ఫలమును పట్టుకొని, దానికి ముందున్న నూటిని మఱచు తొందరను. యాలోచనను ముందుగా వ్రాసియుంచుమని నిర్ణయకర్తలను కోరుట మంచి యుపాయము. ఈ త్రోవ ఎందుకు త్రొక్కితిని, ఎంతపాలు చెడునని యెంచితిని యని పనికి ముందే చెప్పినవానిని తరువాత దానితో సరిపోల్చి విమర్శింపవచ్చును. వాడును మాట మార్చజాలడు.

ఇంకొక చిక్కు దీనికంటె లోతైనది. త్రాగి బండి నడిపి ఎవ్వరికిని తగులక ఇల్లు చేరినవాడును, అట్లే నడిపి దారికడ్డమువచ్చిన బిడ్డను చంపినవాడును చేసిన తప్పు ఒక్కటే. అయినను ఇరువురిని ఒక్కరీతిగా చూడగలమా? థామస్ నాగెల్ అను తత్త్వవేత్త 1976లో ఇట్టి ప్రశ్నలను చర్చించి, వానిని తేల్చుట ఎంత కష్టమో చూపెను. రెండవవానిపై మనకు గలుగు రోషము బిడ్డను చూచి కలిగినది. అది సహజము, మానవలసినదియు కాదు. కాని ఆ రోషము రెండవవాని దోషమును పెంచుటకంటె, మొదటివానిని ఊరక విడిచిన మన యుపేక్షను బయటపెట్టుచున్నదని మాకు తోచును. న్యాయస్థానములు నష్టమునుబట్టి శిక్షను హెచ్చించుటకు వేఱు కారణములు చెప్పుదురు; వాని చర్చ ఇచ్చట పొసగదు.

కొందఱు ఇట్టి చర్చ రాగానే గీతను ఎత్తుకొని, ఫలమును గోరవలదని భగవానుడే చెప్పెను గదా యందురు. దానిని ఫలమునుగూర్చి ఆలోచింపవలదని అర్థము చేసికొన్న, లెక్క వేయని సోమరికిని అది ఆశ్రయమగును. మాకు ఈ సందర్భమున అంతకంటె స్పష్టముగా కనబడునది వనపర్వమున ద్రౌపది ధర్మరాజుతో చెప్పిన మాట. రైతు నేల దున్ని విత్తనము చల్లి ఊరకుండును. అటుపిమ్మట కారణము మేఘుడు. వాన కరుణింపకున్న రైతునందు దోషము లేదని ఆమె తర్కము. దున్ననివానికి ఆమె ఈ మినహాయింపు నీయలేదు. అడవిలో కూర్చుండి దైవమును నమ్ముకొన్న భర్తను లేపుటకు చెప్పిన మాట యది. చేయవలసినదంతయు చేసినవానికే ఆ నిర్దోషత్వము చెల్లును. ధర్మరాజు జూదమును ఆమె ఈ లెక్కలో వేయలేదనుటయు గమనింపదగినది.

ఓడిన రాత్రి కారొల్ పత్రికలవారియెదుట నిలిచి, ఈ నిర్ణయమునకు బాధ్యుడను నేనే యనెను. తన సహాయకునిమీదికిగాని, బంతి విసరినవానిమీదికిగాని నెట్టలేదు. నిర్ణయము తప్పనలేదు; దాని కారణములను చెప్పుచునే ఫలభారమును తలకెత్తుకొనెను. దోషము వేఱు, బాధ్యత వేఱు. ద్రౌపది చెప్పిన రైతు నిర్దోషియైనను, ఆ యేటి గింజలకై ఇంటివారు అడుగునప్పుడు సమాధానము చెప్పవలసినవాడు వాడే. మేఘునిపై నెపము పెట్టి లేచిపోవుటకు వీలులేదు. ఈ రెంటిని వేఱుగా పట్టుకొనగల నాయకులు తక్కువ. తప్పు చేయకయు ఒప్పుకొనువారు కొందఱు, తప్పు చేసియు ఒప్పుకొననివారు పెక్కురు.

ఇంతవఱకు అదృష్టము అదృష్టమని మేము ధారాళముగా వాడినమాటను కొంచెము సరిదిద్దవలసియున్నది. సియాటిల్ వారికి అది దురదృష్టము కావచ్చును, బట్లరునకు కాదు. అతడు ఆ యేడు జట్లు తమకు కావలసినవారిని ఏఱుకొనునప్పుడు ఎవ్వరును ఏఱని కుఱ్ఱవాడు. వెస్ట్ అలబామా అను చిన్న విశ్వవిద్యాలయమునుండి వచ్చినవాడు. అంతకుముందు కొంతకాలము వేయించిన కోడిమాంసము అమ్ము దుకాణములో పనిచేసినవాడు. పరీక్షగా ఆడించి చూచి, జట్టువారు అతనిని నిలుపుకొనిరి. మహాక్రీడకు ముందు సాధనచేయునప్పుడు, సియాటిల్ వారి ఈ యెత్తునే తమలో కొందఱచేత ఆడించి చూడగా, బట్లరు ఆలస్యముగా కదలి మోసపోయెను; బంతి గీత దాటెను. ఎట్లు ముందుగా దూకవలెనో శిక్షకులు అప్పుడే చెప్పిరి. ఆటరాత్రి అతడు రెండవ యర్ధభాగమునగాని మైదానములో అడుగుపెట్టలేదు. ప్రత్యర్థులిరువురు ఒకని వెనుక నొకడు నిలిచిన తీరును చూడగానే సాధననాటి సంగతి అతనికి స్ఫురించినది. ముందువానిని బ్రాండన్ బ్రౌనరు కదలనీక అడ్డగించెను. వెనుకవాని త్రోవ తెఱపియైనది. బట్లరు బంతికంటె ముందుగా అచ్చటికి చేరెను. ఇదంతయు కొన్ని సెకండ్లలో జరిగినది. ఆ మఱునాటి పత్రికలు చాలవఱకు లించునకు బంతి ఏల ఈయలేదనియే వ్రాసినవి.